ఎర్రదిన్నెపల్లి సముద్రం

మా ఊరి వన్నూరప్ప మీద నాకు కోపం ఉంది. చచ్చేదాకా ఉంటుంది. వాడు నాకు శత్రువైతే ఇంత నష్టం జరిగేది కాదు, శత్రువు దగ్గర మనిషి జాగ్రత్తగా ఉంటాడు. వాడు నా స్నేహితుడు.

వాడూ నేనూ ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. ఏడులో నేను తప్పినాను. మా నాయన నన్ను బోరు బండి ఎక్కించినాడు. వన్నూరప్ప నా పక్కనుంచి చూసి రాసి పాసైనాడు. నన్ను చూసి రాసినవాడు పాసై నేనెట్ల తప్పినానో ఈరోజుకూ నాకు అర్థం కాదు. వాడు అట్లే చూస్తా రాస్తా పదో తరగతి దాటి, ఆఖరికి జల వర్గీకరణ సంస్థలో గ్రామ గణకుడైనాడు. అంటే ఊర్లో ఎన్ని బావులు, ఎన్ని కుంటలు ఉన్నాయో లెక్క రాసే ఉద్యోగం. నేను ఇరవై ఆరేండ్లు ఈ ఎండు భూమిలో తొమ్మిదొందల అడుగులు దిగి నీళ్ళు బయటికి తీసినాను. తీసినవాడికి చేతులు కాయలు కాసినాయి. లెక్కపెట్టినవాడికి పింఛను వస్తుంది.

సరే, ఆ బోర్ల మీద సంపాదించి ఎర్రదిన్నెపల్లి పొలిమేరలో మూడెకరాలు కొన్నాను. ఇస్త్రీ చేసిన చేతిగుడ్డ మాదిరి నలుపలకలుగా ఉండే చేను. అంతా చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టి, నడిమిన ఇల్లు కట్టినాను. నాకున్న ఆస్తి అంతా అదే. బ్యాంకులో ఏమీ లేదు, పెట్టెలో ఏమీ లేదు, చెట్ల మీద కాయలుంటే తింటాం.

ఆ ఇంటి వెనకాల, సరిగ్గా చేను నడిబొడ్డున, ఒక ఈత తొట్టి ఉంది. డబ్బు మదం ఎక్కి కట్టుకున్నానని ఊర్లో అనుకున్నారు. కాదు. నా భార్య సుంకమ్మ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బెంగళూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు, "రోజూ అరగంట రొమ్ముల లోతు నీళ్ళలో నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది" అన్నాడు.

"సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర. మా పక్క రొమ్ముల లోతు నీళ్ళు సినిమాలో తప్ప కనపడవు" అన్నాను.

"అయితే తొట్టి కట్టించు."

కట్టించినాను. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. మొదట బ్లీచింగు కలిపితే సుంకమ్మ ఒళ్ళంతా దద్దుర్లు లేచినాయి. అప్పుడు బెంగళూరు ఫిట్టరు వచ్చి ఉప్పునీళ్ళ పెట్టె బిగించినాడు. నీళ్ళలో కొంచెం ఉప్పు వేస్తే, ఆ నీళ్ళు పెట్టెలోంచి పోయేటప్పుడు ఉప్పులోంచే పురుగుల మందు తయారవుతుంది. పని అయినాక మళ్ళీ ఉప్పుగా మారిపోతుంది. లీటరుకు మూడు గ్రాముల చిల్లర ఉప్పు, అంతే. మా ఇంటి చారులో ఇంకా ఎక్కువుంటుంది.

కానీ ఆ నీళ్ళను బిడ్డను చూసుకున్నట్టు చూసుకోవాల. నీళ్ళకు కూడా బీపీ, షుగరు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. వారానికి రెండు దినాలు చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఎర్రమందు ఐదు చుక్కలు వేస్తే, దానిమ్మ గింజ రంగు రావాల. నారింజకు తిరిగితే పులుపెక్కినట్టు, తినే సోడా వేయాల. ఊదాకు తిరిగితే చౌడెక్కినట్టు, యాసిడ్ కొంచెం పోయాల. వాన కురిస్తే ఉప్పు పలచబడుతుంది, ఎండ కాస్తే చిక్కబడుతుంది. అన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసినాను. బడిలో ఇంత శ్రద్ధగా రాసుంటే వన్నూరప్ప కలెక్టరు అయ్యుండేవాడు.

నాలుగు నెలలు సుంకమ్మ ఆ నీళ్ళలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఐదో నెలలో చేతికర్రను కోళ్ళగంప మూతకు అడ్డం పెట్టింది. ఆ తర్వాత ఏడాది పైన కర్ర ముట్టుకోలేదు.

అట్లా ఉండంగా వన్నూరప్ప ఫోను పట్టుకోని వచ్చినాడు.

"ఓబులేసూ, జలగణన. రాష్ట్రంలో చుక్క నీళ్ళు కూడా లెక్కలో లేకుండా ఉండకూడదంట. నీ తొట్టి కూడా ఎక్కియ్యాల."

"ఎక్కియ్. తొట్టి అని రాయ్."

"తొట్టి అనే మాట లేదప్పా దీంట్లో. చెరువు, కుంట, బావి, వాగు, ఏరు... ఏది నొక్కమంటావ్?"

"ఏదీ కాదు కదరా."

"అట్లయితే నీళ్ళ గుణం నొక్కితే అదే తేల్చుకుంటాదంట. నీ నీళ్ళలో ఏముంటాది?"

తప్పు నాదే ఇక్కడ. ఏడు తప్పినవాడికి తనకు తెలిసింది చెప్పమంటే నోరు ఆగదు. గొట్టాలు తెచ్చి, ఎర్రమందు వేసి, రంగు చూపించి, నోటుపుస్తకం తెరిచి, "లీటరుకు మూడు గ్రాముల ఉప్పు, చూడు, ఎంత కచ్చితంగా పెట్టినానో!" అన్నాను.

వన్నూరప్ప 'ఉప్పునీరు' నొక్కినాడు. ఫోను ఒక నిమిషం గిర్రున తిరిగింది. తర్వాత పచ్చ అక్షరాల్లో వచ్చింది: సముద్రము.

"ఏందిరా ఇది? వెనక్కి నొక్కు!"

"వెనక్కి నొక్కితే ఊర్లో రాసినవన్నీ పోతాయి, రెండొందల ముప్పై బావులు మళ్ళీ తిరిగి రాయాల. నాకు మోకాళ్ళ నొప్పులప్పా. ఎవురు చూస్తారు లే దీన్ని? సుంకమ్మక్కా, ఒక గ్లాసు టీ పెట్టు."

టీ తాగి పోయినాడు. తాగించినందుకు కూడా నాకు కోపం ఉంది.

మూడు వారాలకు రిజిస్టర్డ్ పోస్టులో కాగితం వచ్చింది. "మీ స్వాధీనమందు గల సముద్రమును ఇంతకాలము సంస్థకు తెలియపరచక దాచియుంచినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలసినది" అని. కింద సంతకం: పైడిరాజు, జిల్లా సముద్ర విభాగాధికారి.

మా జిల్లాలో సముద్ర విభాగం ఉందని నాకు తెలీదు. జిల్లాలో ఎవరికీ తెలీదు. సంస్థ పెట్టినప్పుడు ప్రతి జిల్లాకు ఏడు విభాగాలు ఉండాలని రూలు పెట్టినారంట. సముద్రం మాకు నాలుగొందల కిలోమీటర్ల దూరం. అయినా ఒక విభాగం, ఒక అధికారి, ఒక అటెండరు, గోడౌనులో గాలి తీసి మడతపెట్టిన ఒక రబ్బరు పడవ. పదకొండేండ్లుగా నెలనెలా పై ఆఫీసుకు ఒకే రిపోర్టు పోతాంది: 'ఈ నెల జిల్లాలో సముద్రము కనుగొనబడలేదు.'

పైడిరాజు గారు సంజాయిషీ కోసం ఆగలేదు. జీపులో తానే వచ్చినాడు. శ్రీకాకుళం పక్క మనిషి, సన్నగా, మెడలో తాడుకట్టిన కళ్ళద్దాలు. వన్నూరప్ప ముందు నడిచి దారి చూపిస్తాంటే, తొట్టి దగ్గరికొచ్చి చెప్పులు విడిచినాడు. వంగి చేత్తో నీళ్ళు తీసుకోని నాలుక మీద వేసుకున్నాడు.

"ఏటి బాబూ ఇది, ఇంత చప్పగా ఉంది!"

"సార్, ఇది సముద్రం కాదు. నా భార్య నడిచే తొట్టి. వీడు తప్పు నొక్కినాడు. మీరు కాదని రాసేస్తే సరిపోతుంది."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మాట్లాడేటప్పుడు మనిషే. ఫైలు తెరిచినాడంటే గొంతు మారిపోతుంది.

"సదరు జలాశయము గణనలో సముద్రముగా నమోదైనది. నమోదైన సముద్రమును రద్దుపరచుటకు ఏడవ నమూనా దరఖాస్తు గలదు."

"ఇయ్యండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"అయితే ఏడవ నమూనా ధ్రువీకరింపబడిన సముద్రములకు మాత్రమే వర్తించును. మీది ధ్రువీకరణకు నోచుకోదు. ప్రామాణిక సముద్రమున లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లవణముండవలెను. మీదానిలో మూడు. ఇది లోప సముద్రము." ఫైలు మూసి మామూలు గొంతుతో అన్నాడు, "మరేటి సెయ్యను చెప్పండి ఓబులేసు గారూ? అసలు సముద్రమే కాని దాన్ని సముద్రం కాదని నేనెలా కొట్టేస్తానండీ?"

నేను సుంకమ్మ వైపు చూసినాను. సుంకమ్మ ఆకాశం వైపు చూసింది.

"లోపంతోనే వదిలేస్తే?"

"అది ఇంకా ప్రమాదం బాబూ. సముద్రంలో మంచినీళ్ళు కలిపి కల్తీ చేసినట్టు కేసవుతుంది. బోరు మోటారుకు కరెంటు తీసేస్తారు."

కరెంటు పోతే తోట పోతుంది. ఎండాకాలం నెల నీళ్ళు ఆగితే చీనీ చెట్టు మళ్ళీ లేవదు.

"మరి దారి?"

"సులువండీ. లోపం సరిచేసెయ్యండి. ముప్పై అయిదుకు తెచ్చారంటే నేను ధ్రువీకరిస్తాను. ధ్రువీకరించిన మర్నాడే ఏడో నమూనా పెట్టుకుని రద్దు చేయించుకోండి. నా మాటిది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో మోసం లేదు. నాకిప్పటికీ అదే బాధ. మోసం చేసేవాణ్ణి బోరు బండి మీద ఇరవై ఆరేండ్లు చూసినాను, కనిపెట్టగలను. రూలును నమ్మేవాణ్ణి కనిపెట్టలేను.

నోటుపుస్తకం తీసి లెక్క కట్టినాను. తొట్టిలో పట్టేది ముప్పై ఎనిమిది వేల లీటర్ల చిల్లర. ఇంకా కావాల్సిన ఉప్పు, యాభై కిలోల మూటలు ఇరవై ఐదు. రాళ్ళ ఉప్పు మూటల కోసం కళ్యాణదుర్గం అంగడికి పోతే శెట్టి నా ముఖం జాలిగా చూసినాడు. మా పక్క పెద్ద గొడ్డు చస్తే ఉప్పు పోసి పూడుస్తారు.

"ఏమన్నా, ఎనుము గానీ పోయిందా?"

"ఏనుగు" అన్నాను.

మూటలు దించడానికి మా బామ్మర్ది మద్దిలేటి వచ్చినాడు. సుంకమ్మ తమ్ముడు. నూటపది కిలోల మనిషి, మూటను చంటిబిడ్డ మాదిరి చంకన పెట్టుకోని నడుస్తాడు. తెలివి విషయం నేను మాట్లాడను, వాళ్ళక్క చదువుతుంది.

"బావా, అప్పళాలు పెడతాండావా?"

"సముద్రం పెడతాండా. ఉప్పు పొయ్."

ఏడో మూటకు నా ఉప్పునీళ్ళ పెట్టె ఎర్రలైటు వేసింది. తొమ్మిదో మూటకు కుయ్యిమని అరిచింది. పదో మూటకు ఆగిపోయింది. మళ్ళీ పలకలేదు. నీళ్ళను శుభ్రం చేసే యంత్రం అదొక్కటే. పైడిరాజు గారికి ఫోను చేస్తే నవ్వినాడు.

"సముద్రానికి మందు ఎవరు వేస్తున్నారండీ? మీరు మరీ అమాయకులు. ఆఁ, మరిచిపోయాను, ప్రామాణిక సముద్రం కాస్త చౌడుగా ఉండాలి. ఎనిమిది పాయింట్ ఒకటి."

ఎనిమిది పాయింట్ ఒకటి అంటే నా గొట్టంలో ఊదా రంగు. ఊదా రాకుండా చూసుకోవడానికి నేను సంవత్సరంన్నర కష్టపడినాను. ఇప్పుడు ఊదా రావాలని చాకలిసోడా కలిపినాను. దానిమ్మ రంగు పోయి వంకాయ రంగు వస్తాంటే, బాగున్న మనిషికి చేతులారా జబ్బు ఎక్కిస్తున్నట్టుండింది.

ఆ సాయంత్రం సుంకమ్మ నడవడానికి దిగింది. రెండడుగులు వేసింది. మూడో అడుగుకు కాళ్ళు పైకి లేచినాయి.

"ఏమయ్యా! కింద కాలు ఆనడంలే. తేలిపోతాండా!"

"గట్టిగా తొక్కు."

"ఏం తొక్కేది? బెండు మాదిరి లేపుతాంది. నన్ను నడిపిస్తానని కట్టించి ఊరగాయ వేస్తాండావే!"

వారం తిరిగేలోపల తొట్టి పక్కనున్న మొదటి వరుస చీనీ చెట్ల ఆకుల కొసలు కూడా ముడుచుకున్నట్టు కనపడినాయి. పొంగిన నీళ్ళు పోయే కాలువ అటే ఉంది. మర్నాడు కాలువకు అడ్డం మట్టి కొట్టినాను. అప్పటికే తాగాల్సింది తాగినాయి.

పదిహేనో దినం పైడిరాజు గారు పరీక్షకు వచ్చినాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. యంత్రం ముంచి చూసి, ముప్పై అయిదు అని తేలంగానే ఆయన యంత్రం పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు, ఓబులేసు గారూ. ప్రతి మీటింగులో మిగతా విభాగాల వాళ్ళు 'మీ సముద్రం ఎండిపోయిందా' అని నవ్వేవాళ్ళు. ఈ ఏడాదీ లేదని రాస్తే విభాగం ఎత్తేద్దామనుకున్నారు." వంగి చెయ్యి నీళ్ళలో పెట్టినాడు. "మా ఊళ్ళో గుమ్మంలోంచి కనిపించేదండీ."

పాపమనిపించింది. ధ్రువీకరణ పత్రం ఇచ్చినాడు. 'ఎర్రదిన్నెపల్లి సముద్రము, జిల్లా క్రమసంఖ్య ఒకటి, గుణము: సమతుల్యము' అని ఉంది. నేను వెంటనే ఏడో నమూనా అడిగినాను.

"ఇస్తాను బాబూ, తొందరేటి? ముందు భద్రతా ఏర్పాట్లు."

వన్నూరప్ప, అటెండరు కలిసి నా తొట్టి పక్కన ఇనపస్తంభం పాతినారు. దాని మీద జెండా. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంట, ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినారు. సుంకమ్మ చీర చెంగు దోపి నీళ్ళలోకి దిగబోతే వన్నూరప్ప చేతులడ్డం పెట్టినాడు.

"అక్కా, వేటకు పోరాదు."

"వేట ఏందిరా, నా తుంటికోసం!"

"తుంటి కానీ మరేదైనా కానీ, అలలు ఎగిసిపడే అవకాశముండాదంట."

సుంకమ్మ తొట్టి వైపు చూసింది. గాలి కూడా లేదు. ఒక చీనీ ఆకు మాత్రం నీళ్ళ మీద కదలకుండా పడుంది.

"వన్నూరప్పా, నీకు పోయినసారి టీ పెట్టిన గ్లాసు యాడుందో తెల్సా? పారేసినా" అని లోపలికి పోయింది.

వాయుగుండం ఒరిస్సా వైపు పోయేదాకా తొమ్మిది దినాలు జెండా దించలేదు. అది పోయినాక ఇంకొకటి పట్టింది. ఈలోపల మందు లేని నీళ్ళు పచ్చబడినాయి. గోడలకు నాచు పట్టింది. నాచు సంగతి చెబితే, "జీవకళ వస్తున్నదన్నమాట" అని ఫైల్లో రాసుకున్నాడు పైడిరాజు గారు. సుంకమ్మ మూడు వారాలు నీళ్ళలో దిగలేదు. ఒక పొద్దున చూస్తే కోళ్ళగంప మూతకు అడ్డం పెట్టిన కర్ర లేదు. సుంకమ్మ చేతిలో ఉంది.

ఆ దినం నేను బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయినాను. "ఏడో నమూనా ఇస్తారా, ఇక్కడే కూర్చోమంటారా?" అన్నాను.

సముద్ర విభాగం గది ముందు జనం ఉన్నారు. ఒక రబ్బరు పడవ గాలికొట్టి వరండాలో పెట్టినారు. పైడిరాజు గారికి కొత్త కుర్చీ వచ్చింది, ఇద్దరు గుమాస్తాలు వచ్చినారు. నన్ను చూసి లేచి నిలబడి, కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఏడో నమూనా చేతికిచ్చినాడు. నేను నింపినాను. ఆయన చదివినాడు.

"అంతా బాగుందండీ. ఒక్క గడి ఖాళీ వదిలేశారు. 'రద్దుపరచగోరు సముద్రము యొక్క హద్దులు.'"

"ఎనిమిది మీటర్లు, నాలుగు మీటర్లు. రాసినా కద సార్."

"అది నీరుండే మేర. సముద్రమునకు హద్దనగా పోటు వేళ నీరు చేరు గీత."

"దానికి పోటు లేదు సార్. అది తొట్టి."

ఫైలు గొంతు వచ్చేసింది. "ఆటుపోటులు లేని సముద్రము రికార్డునందుండజాలదు. పోటు గీత నిర్ధారణ కానిదే హద్దు లేదు. హద్దు లేనిదే రద్దు లేదు." మళ్ళీ మనిషై, నా భుజం మీద చెయ్యేసినాడు. "సోమవారం నేనే వస్తాను బాబూ. ఎంతోకొంత పోటు రాకపోదు. గీత గీసుకుని, ఆ గడి నింపేద్దాం. అయిపోతుంది."

సోమవారం వచ్చినారు. పైడిరాజు గారు, సర్వే గొలుసు పట్టుకున్న గుమాస్తాలు, ముగ్గుపిండి బకెట్టుతో వన్నూరప్ప. తొట్టి చుట్టూ కుర్చీలు వేసుకోని పొద్దున పది నుంచి పోటు కోసం చూస్తా కూర్చున్నారు. నేను మజ్జిగ ఇచ్చినాను. పన్నెండయింది. నీళ్ళు కదలలేదు.

"పున్నమికి రావాల్సింది సార్" అన్నాడు వన్నూరప్ప.

"పున్నమికి కూడా రాదురా, అది తొట్టి" అన్నాను.

"నువ్వు సముద్రాన్ని ఎప్పుడు చూసినావప్పా, మాట్లాడేకి?"

"నువ్వు చూసినావా?"

"చూళ్ళే. కానీ నేను డిపార్టుమెంటు."

మద్దిలేటి గట్టు మీద నిలబడి ఇదంతా వింటున్నాడు. పొద్దున్నుంచి వాడి ముఖం ఎర్రబడతానే ఉంది. వాళ్ళక్క అరుగు మీద కర్ర పక్కన పెట్టుకోని కూర్చుంది. వాడు అక్కను చూసినాడు, కర్రను చూసినాడు, కుర్చీల్లో మజ్జిగ తాగుతున్నవాళ్ళను చూసినాడు.

"సార్, ఇది సముద్రమైతే మనిషి మునగాల కదా?"

"సహజంగా" అన్నాడు పైడిరాజు గారు.

"చూడండి, నేను దుమికి నిలబడతా. రొమ్ముల దాకా కూడా రావు నాకు. మీ కండ్లతో చూసి, తొట్టి అని రాసి, లేచిపోండి."

"మద్దిలేటీ, వద్దురా!" అన్నాను. వాడు వినే రకం కాదు. చొక్కా విప్పి, నాలుగడుగులు వెనక్కి పోయి, పరిగెత్తుకుంటా వచ్చి దుమికినాడు.

నూటపది కిలోలు. తొట్టి గుండె జారినట్టు శబ్దం వచ్చింది. నీళ్ళు లేచినాయి, గట్టు దాటినాయి, కుర్చీల కాళ్ళు దాటినాయి, వన్నూరప్ప చెప్పులు తీసుకోని పోయినాయి. ఆ పచ్చనీళ్ళలోంచి మద్దిలేటి లేచి నిలబడి, రొమ్ము మీద చరుచుకోని, "చూసినారా? ఇదీ మీ సముద్రం!" అని అరిచినాడు.

పైడిరాజు గారు వాణ్ణి చూడలేదు. గచ్చు మీద తడి ఎంతదాకా పోయిందో చూస్తున్నాడు. పంట్లాం మోకాళ్ళ దాకా తడిసింది. ముఖం వెలిగిపోతాంది.

"పోటు!" అన్నాడు. "ముగ్గు వెయ్యవయ్యా, ఆరిపోతుంది!"

వన్నూరప్ప వట్టికాళ్ళతో పరిగెత్తి ముగ్గు పోసినాడు. గట్టు నుంచి కచ్చితంగా రెండు మీటర్లు. మిగతా మూడు పక్కల తడి అంత దూరం పోలేదు. గుమాస్తా ఆ మాట అంటే పైడిరాజు గారు, "సముద్రమునకు పక్షపాతముండదు, నలుదిక్కులా సమానముగా గీయుడు" అన్నాడు.

నేను ఏడో నమూనా ముందు పెట్టి, "రాయండి సార్, హద్దు వచ్చింది కదా. రద్దు చేయండి" అన్నాను.

"ఒక్క నిమిషం బాబూ." ఫైలు తెరిచినాడు. "పోటు గీత నుండి యాభై మీటర్ల వరకు గల భూమి తీరభూమి యగును. తీరభూమి ప్రభుత్వ ఆస్తి."

గుమాస్తాలు గొలుసు లాగినారు. ముగ్గుగీత నుంచి గొలుసు చీనీ చెట్ల మధ్యలోంచి పోయి, నా మోటారుషెడ్డు దాటి, కంచెకు కొంచెం ఇవతల ఆగింది. ఇటూ అంతే. అటూ అంతే. మూలల దగ్గర గుండ్రంగా తిప్పినారు. ఇల్లు సముద్రతీరంలో పడింది. బోరు తీరంలో పడింది. చెట్ల మీద కాయలు తీరంలో పడినాయి.

"సార్, ఇదంతా రద్దయిపోతుంది కదా. సముద్రమే రద్దయితే తీరం యాడుంటుంది? ముందు నా కాగితం తీసుకోండి."

పైడిరాజు గారు కాగితం తీసుకున్నాడు. చదివినాడు. తిరిగి నా చేతికిచ్చినాడు. ఆ ఇవ్వడంలో నిజంగా బాధపడినాడు.

"ఏడో నమూనా తీరభూమి యజమాని పెట్టుకోవాలండీ."

"నేనే కదా."

"ఇందాకటిదాకా మీరేనండి. ఇప్పుడు ప్రభుత్వం. మీకూ, ఈ సముద్రానికీ ఇహ ఏ సంబంధమూ లేదు. రద్దు కావాలని ప్రభుత్వం అడగాలి." కళ్ళద్దాలు తీసినాడు. "ఇంట్లో ఉండొచ్చు మీరు. ఖాళీ చెయ్యమని ఎవరంటారు? తీరప్రాంత వాసులుగా నమోదు చేయిస్తాను. తుఫాను వస్తే మాత్రం ముందు మిమ్మల్నే తరలిస్తాం."

"మరి అక్క నీళ్ళలో నడవాలంటే?" అని అడిగినాడు వన్నూరప్ప. వాడికి మనసు లేదని నేనెప్పుడూ అనలేదు.

"జెండా లేని రోజు చూసుకుని, దరఖాస్తు పెట్టుకుంటే..." అన్నాడు ఆయన.

అరుగు మీద నుంచి సుంకమ్మ కర్ర ఆనించి లేచింది. పైడిరాజు గారి మీద కేకలేస్తుందనుకున్నాను. వన్నూరప్పను కొడుతుందనుకున్నాను. తొట్టి దగ్గరికి వచ్చి, ఇంకా నీళ్ళలోనే నిలబడి ఏం జరిగిందో అర్థంకాక చూస్తున్న తమ్ముణ్ణి చూసింది.

"ఒరే, అక్కడ మెట్లుండాయి కదరా" అంది. "మెట్ల మీద దిగలేకపోయినావా?"

మర్నాడు సర్వే నకలు ఇచ్చినారు. నా పేరు మీద మిగిలింది చేను నాలుగు మూలలు. ఒక్కొక్క మూలలో పదిహేను చీనీ చెట్లు నిలబడి, పదహారో చెట్టును పిలవడానికి ఆలోచించేంత కొన, దాని వెనకాల కంచె. అన్నీ కలిపితే యాభై ఎనిమిదిన్నర సెంట్లు.

ఎర్రదిన్నెపల్లి సముద్రం కింద పోయింది రెండెకరాల నలభై ఒకటిన్నర సెంట్లు. అందులో పదిహేడు సెంట్లు మద్దిలేటి దుమికినందుకు.